బావగారి కోపానికి పిల్లాణ్ణి పంపించేయాలా?

మీ ప్రశ్న – లాయరమ్మ జవాబు

(ఉత్తరాలు రాసినవారి పేర్లు, ఆనవాళ్ళు తీసేశాం. జవాబులిచ్చేది అమలాపురంలో కుటుంబ వివాదాల కేసులు వాదించే న్యాయవాది.)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు. మావారికి మోటారు సైకిళ్ళ స్పేర్ పార్టుల కొట్టుంది. మాకు ఒక బాబు, టెన్త్ చదువుతున్నాడు. మా అక్కని అంబాజీపేట దగ్గర పల్లెటూరికి ఇచ్చారు. బావగారిది కొబ్బరి వ్యాపారం. వాళ్ళకి ఒక్కడే కొడుకు. 19 ఏళ్ళు నిండాయి, భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు బావగారు వాడి ఫోను తీసి చూశారు. అందులో ఇంకో అబ్బాయితో మాటలు, ఫొటోలు ఉన్నాయట. వాడు బుకాయించలేదు. "నేను గేనే నాన్నా, అమ్మాయిలంటే నాకు ఆ ఇష్టం కలగదు" అనేశాడట. ఆ రాత్రే కొట్టి, ఫోను లాక్కుని, కట్టుబట్టలతో బయటికి తోసేశారు.

రెండు రాత్రులు రావులపాలెం బస్టాండులో పడుకున్నాడు. చుట్టాలిళ్ళకి వెళ్తే, బావగారు అప్పటికే అందరికీ ఫోన్లు చేసి "వాణ్ణి గుమ్మం ఎక్కనిస్తే మీకూ నాకూ చెల్లు" అన్నారట. రాజోలులో సొంత మేనత్త వీధి అరుగు మీదే కాఫీ ఇచ్చి పంపించేసింది. ఆఖరికి మా ఇంటికొచ్చాడు. వస్తూ చించినాడ వంతెన దగ్గర బస్సు దిగిపోయి చాలాసేపు నిలబడ్డానని నాకొక్కదానికే చెప్పాడు.

నెల దాటింది. పొద్దున్నే లేచి మావారి బండి తుడుస్తాడు. తన కంచం తనే కడుక్కుంటాడు. అన్నం మారు వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. బావగారు రోజూ ఫోను. "పంపిస్తావా, పోలీసు కేసు పెట్టమంటావా? విజయవాడలో ఎవరో డాక్టరున్నాడు, కరెంటు పెట్టి మారుస్తాడట. లేదా మీ అన్నయ్య కూతుర్ని చేసుకుంటానని ఒప్పుకుంటే ఇంట్లోకి రానిస్తా. కాదంటే పేపర్లో ప్రకటన వేయించి చిల్లిగవ్వ రాకుండా చేస్తా" అంటున్నారు. మావారు మంచివారే కానీ, ఇవన్నీ మా బాబుకి అంటుకుంటాయేమోనని, చుట్టాలంతా మమ్మల్ని వెలేస్తారేమోనని భయపడుతున్నారు. అక్క మాత్రం బావగారు బయటికెళ్ళాక పక్కింటి ఫోన్నుంచి మాట్లాడుతుంది. మొన్న బస్సు కండక్టరు చేత ఆవకాయ జాడీ పంపింది. మూట విప్పితే జాడీ అడుగున పాలిథిన్ కవర్లో వాడి టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్ కార్డు ఉన్నాయి. నన్నేం చేయమంటారు?

– ఒక పిన్ని, పాలకొల్లు

జవాబు: అమ్మా, పంపకండి. ఆ ఒక్క ముక్క ముందు చెప్పేస్తే తక్కినవి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

పోలీసు కేసంటే మీవారికి కాళ్ళు వణుకుతున్నట్టున్నాయి కాబట్టి దానితోనే మొదలుపెడతాను. మీ బావగారు స్టేషనుకెళ్ళి "మా అబ్బాయి కనపడటం లేదు" అని కాగితం ఇస్తే వాళ్ళు తీసుకుంటారు. తర్వాత మీకు ఫోనొస్తుంది. కుర్రాణ్ణి తీసుకురమ్మంటారు. "నీ ఇష్టంతోనే అక్కడున్నావా?" అని అడుగుతారు. అవునంటే స్టేట్‌మెంట్ రాయించుకుని ఆ కాగితం మూసేస్తారు. 18 నిండినవాడు ఎక్కడుండాలో వాడిష్టం. బలవంతం, మోసం ఏమీ లేకుండా అక్క కొడుక్కి అన్నం పెట్టడం మన దేశంలో ఇంకా నేరం కాలేదు. వాడు గే అయినందువల్ల కూడా ఏ నేరమూ లేదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య వ్యవహారానికి అప్పటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వర్తించదని తేల్చేసింది. మీ బావగారికి ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

అయితే స్టేషన్లలో పెద్దరికం చేసేవాళ్ళుంటారు. "తండ్రన్నాక కొట్టడా, కాళ్ళు పట్టుకుని ఇంటికెళ్ళిపో నాయనా" అంటారు. అంచేత వాళ్ళు పిలిచేదాకా ఆగకండి. కుర్రాడి చేతే ఒక ఉత్తరం రాయించండి: నా వయసు ఇంత, నేను మేజరుని, ఫలానా తేదీన మా నాన్న కొట్టి ఇంట్లోంచి పంపించేశారు, నా ఇష్టం మీద మా పిన్ని దగ్గర ఉంటున్నాను, నన్ను బలవంతంగా తీసుకెళ్తారని భయంగా ఉంది. తేదీ, సంతకం. పాలకొల్లు స్టేషన్ హౌస్ ఆఫీసరు పేర ఒకటి, బావగారి ఊరు ఏ స్టేషను కిందికొస్తే అక్కడికి ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదులు పారేయకుండా ఆవకాయ జాడీ పక్కనే పెట్టుకోండి. ఎవరైనా కారేసుకొచ్చి నిజంగానే ఎత్తుకుపోతే 112కి ఫోను చేయండి. తర్వాత హైకోర్టులో హెబియస్ కార్పస్ ఉంది, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమని వేసే పిటిషను. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే, తండ్రి ఇంట్లో కట్టడిలో ఉన్న ఒక యువతిని తను కోరుకున్న అమ్మాయితోనే వెళ్ళి ఉండనిచ్చింది. అంతకు ముందు, 2024 మార్చి 11న, ఇలాంటి కేసుల్లో పిల్లల మనసు మార్చడానికి కౌన్సెలింగుకి పంపొద్దని సుప్రీంకోర్టు దేశంలో కోర్టులన్నిటికీ చెప్పింది.

ఆ విజయవాడ డాక్టరెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. లేని జబ్బుకి కరెంటు పెట్టేవాణ్ణి డాక్టరనడానికి నాకు నోరు రావడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. సమాజపు కట్టుబాట్లకి తగ్గట్టు లేడని చెప్పి ఎవరికీ మానసిక రోగమని ముద్ర వేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే రాసి ఉంది. మద్రాసు హైకోర్టు 2021లో గట్టిగా పట్టుకుంటే, ఇలాంటి 'మార్పిడి వైద్యం' చేయడం డాక్టరు వృత్తికే తప్పని 2022లో డాక్టర్ల మీద అజమాయిషీ చేసే నేషనల్ మెడికల్ కమిషన్ ప్రకటించింది. బావగారు మళ్ళీ ఆ మాటెత్తితే "ఆ డాక్టరు గారి పేరు, రిజిస్ట్రేషను నంబరు చెప్పండి బావగారూ, రాసుకుంటాను" అనండి. అంతే, మర్యాదగా. ఇంకేం అనకండి.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది పెళ్ళి మాట. మీ ఉత్తరంలో ఆ పిల్ల గురించి ఒక్క ముక్కయినా లేదు. ఆ పిల్ల మీకు మేనకోడలు కదమ్మా! నా దగ్గరికి విడాకుల కోసం వచ్చే ఆడపిల్లల్లో ఇలాంటి పెళ్ళిళ్ళలో ఇరుక్కున్నవాళ్ళుంటారు. వాళ్ళు చెప్పేది ఇంచుమించు ఒకే మాట: "కొట్టడండి, తిట్టడండి, జీతం తెచ్చి చేతికిస్తాడండి. నా వంక మాత్రం చూడడండి." పిల్లలు పుట్టలేదని అత్తగారు ఈ పిల్లనే రాజమండ్రి, కాకినాడ ఆసుపత్రుల చుట్టూ తిప్పుతుంది. మందులు మింగేదీ, సూదులు పొడిపించుకునేదీ ఈ పిల్లే. నాలుగైదేళ్ళకి విషయం బయటపడుతుంది. అప్పుడు పిటిషన్లో ఏం కారణం రాయాలో అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ నోరు పెగలదు. ఆ కుర్రాడు కూడా కోర్టు వరండాలో తల దించుకుని నిలబడతాడు. వాడి మీద జాలిపడాలో, కోప్పడాలో నాకే తెలియదు. పైగా మేనరికం. విడిపోయేది మొగుడూ పెళ్ళాలే కాదు, మీ అక్కా మీ అన్నయ్యా కూడా. మీ అన్నయ్యతో "ఆ సంబంధం వద్దన్నయ్యా, పిల్లాడికి ఇష్టం లేదు" అనండి చాలు. అసలు సంగతి చెప్పాలా వద్దా అన్నది కుర్రాడి ఇష్టం, మీది కాదు. మేనరికాలు మంచివి కావని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారుగా, ఆ వంక ఉండనే ఉంది.

ఇక పేపరు ప్రకటన. "మా అబ్బాయికి, మాకు ఎటువంటి సంబంధం లేదు" అని ఫొటోతో సహా వేయిస్తారు, చూస్తూనే ఉంటాం. దానివల్ల లాభపడేది పేపరువాళ్ళే. బావగారి తాతలనాటి తోట ఉంటే అందులో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంది, ప్రకటన వేస్తే పోదు. ఆయన సొంతంగా సంపాదించినది మాత్రం ఎవరికైనా రాసుకోవచ్చు. వాటా కోసం ఇప్పుడు నోటీసులూ గీటీసులూ వద్దు. ఇప్పుడు వాడిక్కావలసింది చదువు. కానీ ఒక్కటి మరీ మరీ చెబుతున్నాను: రాజీ పేరుతోనో, ఇంట్లోకి రానిస్తామనో స్టాంపు కాగితాలు పట్టుకొస్తే వాణ్ణి సంతకం పెట్టనివ్వకండి. హక్కు విడుదల పత్రం మీద 19 ఏళ్ళవాడు ఏడుస్తూ పెట్టిన సంతకాన్ని తర్వాత కొట్టేయించడానికి మాలాంటివాళ్ళకి ఏళ్ళు పడుతుంది.

మీవారి భయాల సంగతి. అంటుకోవడానికి ఇదేమైనా కళ్ళకలకా? ఆ లెక్కన 19 ఏళ్ళు బావగారింట్లో పెరిగినవాడికి బావగారి కోపం అంటుకుని ఉండాలి, అంటలేదు కదా! మీ బాబు పక్కన ఇంజనీరింగ్ చదివే అన్నయ్య ఉన్నాడు, రోజూ గంటసేపు లెక్కలు చెప్పించండి. ట్యూషను డబ్బులు మిగులుతాయి. మీవారికి ఈ మాట బాగా నచ్చుతుంది.

చుట్టాలేమంటారని. మన గోదావరి జిల్లాల్లో చుట్టాలింట్లో ఉండి చదువుకోవడం ఎప్పుడు కొత్త? కాలేజీలన్నీ కాకినాడలోనో రాజమండ్రిలోనో ఉన్న రోజుల్లో లంకల్లోంచి, కోనసీమలోంచి వెళ్ళిన పిల్లలంతా పిన్ని ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో ఉండి చదివినవాళ్ళే. చుట్టాలు లేని బ్రాహ్మల పిల్లలు వారాలు చేసుకునేవారు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో. మా ఇంట్లోనూ ఎప్పుడూ ఎవరో ఒక పిల్లాడు వసారాలో చాపేసుకుని చదువుతూ ఉండేవాడు. మా అమ్మ మార్కులెన్నొచ్చాయని అడిగేది, తలకి నూనె రాసుకున్నావా అని అడిగేది. కాబట్టి పక్కింటావిడ అడిగితే "భీమవరంలో చదువుతున్నాడండీ, ఇక్కణ్ణుంచి బస్సుంది, రైలుంది, మా దగ్గరే ఉంటున్నాడు" అనండి. అందులో అక్షరం అబద్ధం లేదు. ముప్ఫై ఇళ్ళ చుట్టరికం ఉన్న పిల్లాడు బస్టాండు బెంచీ మీద పడుకున్నాడంటే కొట్టిన తండ్రి ఒక్కణ్ణే అంటే సరిపోదు. అరుగు మీద కాఫీ ఇచ్చిన మేనత్తకీ అందులో వాటా ఉంది. మీరు ఆ జాబితాలో చేరలేదు. మీవారూ చేరలేదు. నెలరోజులుగా భయపడుతూనే ఉంచుకున్నారు చూడండి, ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఈ మాట ఆయనకి చదివి వినిపించండి.

ఇప్పుడు పనులు. ఆధార్‌కి ఎక్కించిన ఫోను నంబరు బావగారు లాక్కున్న ఫోనుదే అయి ఉంటుంది. అంటే బ్యాంకు ఓటీపీ, కాలేజీ ఓటీపీ అన్నీ ఆయన చేతికి వెళ్తున్నాయి. కుర్రాడి పేరు మీదే కొత్త సిమ్ము తీసుకుని, వాణ్ణి ఆధార్ కేంద్రానికి పంపండి. వేలిముద్ర వేస్తే కొత్త నంబరు ఎక్కిస్తారు, పాత నంబరుకి ఓటీపీ రానక్కర్లేదు. అక్కణ్ణుంచి నేరుగా బ్యాంకుకి వెళ్ళి అక్కడా నంబరు మార్పించి, పాత ఏటీఎం కార్డు ఆపించమనండి. వాడి వాట్సాపు, మెయిలు ఇంకా ఆ పాత ఫోన్లో తెరిచే ఉంటాయి, వాటినీ లాగౌట్ చేయమనండి. ఆ ఇంకో అబ్బాయి మాటలు, ఫొటోలు అందులో ఉన్నాయి, ఆ కుర్రాడికీ ఒక ఇల్లుంటుంది. కాలేజీలో ప్రిన్సిపాలుకి "ఇంట్లో గొడవల వల్ల తండ్రి ఫీజు కట్టడం లేదు, వాయిదాల్లో కడతాం" అంటే చాలు, కథంతా విప్పనక్కర్లేదు. ఫీజు మాట ఎలా ఉన్నా హాజరు మాత్రం తగ్గనివ్వకండి. పరీక్షకి కూర్చోనివ్వకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే బావగారి మాటకి బలమొస్తుంది.

చించినాడ వంతెన సంగతి మీకొక్కరికే చెప్పాడంటే మిమ్మల్ని నమ్మాడు. ఒకసారి కూర్చోబెట్టి "చచ్చిపోవాలనిపించిందా? ఇప్పుడూ అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం, అది నిజం కాదు. అడగ్గానే చాలామందికి గుండెబరువు దిగుతుంది. అవునంటే ఒక్కణ్ణీ వదలకండి. 14416కి ఫోను చేయించండి. టెలీ మానస్ అని ప్రభుత్వం పెట్టినది, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. అవసరమైతే మంచి సైకియాట్రిస్టుకి చూపించండి, నిద్ర పట్టడానికి, దిగులు తగ్గడానికి. వాణ్ణి మార్చడానికి కాదు. గదిలోకి వెళ్ళేముందు డాక్టరుతో ఆ తేడా మీరే చెప్పండి.

మారు అన్నానికి చెయ్యి అడ్డం పెడుతున్నాడన్నారు. వాడు ఎప్పుడు పొమ్మంటారో అని లెక్క చూసుకుంటున్నాడమ్మా. బండి తుడవడమూ అందుకే. 'ఉండు' అని మీరు నోటితో అనలేదేమో చూసుకోండి. మీరు, మీవారు ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి: "చదువయ్యేదాకా ఇక్కడే. ఇంటిపని అందరితో పాటు నువ్వూ చెయ్యి, బండి మాత్రం బాబాయి తుడుచుకుంటాడు." గడువు కూడా చెప్పాలి. ఎన్నాళ్ళో తెలియని దయ కన్నా ఫలానా తేదీ దాకా అన్న మాట వాడికి నిద్ర పట్టిస్తుంది. గదిలేకపోతే పోయింది, ఒక బీరువా అర ఖాళీ చేసివ్వండి. ఇప్పటికీ బట్టలు సంచిలోనే పెట్టుకుని ఉంటాడు, కావాలంటే చూడండి.

బావగారితో వాదించకండి, రోజూ ఫోను ఎత్తనూ వద్దు. వారానికి ఒకసారి "బాగున్నాడు, కాలేజీకి వెళ్తున్నాడు" అని చెప్పి పెట్టేయండి. మాట్లాడాల్సింది మీ అక్కతో. మొగుడింట్లో ఉండి, ఫోనైనా చేతిలో లేక, మెమోలు బీరువాలోంచి ఎప్పుడు తీసిందో, ఆ జాడీ కింద ఎలా సర్దిందో! ఆవిణ్ణి "బావగారిని ఒప్పించక్కా" అని వేధించకండి, ఆవిడ ఉండాల్సింది ఆ ఇంట్లోనే. చదువుకి బ్యాంకు లోను పెట్టాలంటే మామూలుగా తల్లో తండ్రో సంతకం పెట్టాలి. తల్లి సంతకం సరిపోతుంది, దానికి మాత్రం ఏదో వంకతో ఒక పూట పాలకొల్లు రప్పించండి. క్షీరారామంలో మొక్కుందని చెప్పమనండి, బావగారు కాదనరు.

ప్రశ్న: నా వయసు 24. ట్రాన్స్ మహిళని, అంటే అబ్బాయిగా పుట్టినా నేను ఆడదాన్నే. తాళ్ళరేవు దగ్గర మా ఊరు. ఇంటర్‌లో ఉండగా చీర కట్టుకున్నానని మా అన్నయ్య తరిమేశాడు. కాకినాడలో మా గురువమ్మ (మాలాంటివాళ్ళని చేరదీసే పెద్దావిడ) దగ్గర ఉంటున్నాను. మొన్న నాన్న పోయారు. కబురు తెలిసి వెళ్తే ఊళ్ళోకి రానివ్వలేదు, పదోరోజుకీ రానివ్వలేదు. రెండెకరాల పొలం, ఇల్లు అన్నీ తనవేనంటున్నాడు. చట్టం నాకేమైనా చేస్తుందా?

– ఒక చెల్లి

జవాబు: అమ్మా, నాన్నగారిని ఆఖరి చూపు చూడనివ్వలేదే, దానికి నా దగ్గర సెక్షను లేదు. తక్కినవాటికి ఉన్నాయి.

2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టంలో 12వ సెక్షను ప్రకారం తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉండే ఇంట్లో ఉండే హక్కు నీకుంది, బయటికి పొమ్మనడానికి వీల్లేదు. ఇంట్లోంచో ఊళ్ళోంచో వెళ్ళగొడితే 18వ సెక్షను కింద ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. ఇక్కడ ఒక మాట. హక్కుంది కదా అని పోలీసుల్ని వెంటబెట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టి, రాత్రికి ఆ అన్నయ్య పక్కగదిలో నిద్రపోగలవా? పోలేనంటే ఆ సెక్షన్ని బేరానికి వాడదాం, వాటా దగ్గర.

వాటా సంగతి సులువు. నాన్నగారు వీలునామా రాయకుండా పోతే, హిందూ వారసత్వ చట్టంలో నిన్ను కొడుకుగా లెక్కేసినా కూతురుగా లెక్కేసినా వాటా ఒకటే. అమ్మగారుంటే ఆవిడకీ అంతే. మీ అన్నయ్య ఇప్పటికే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి సచివాలయంలో పెట్టి ఉంటాడు, నీ పేరు లేకుండా. వెంటనే తహసీల్దారు గారికి రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వు: నేనూ సంతానాన్నే, నా పేరు చేర్చకుండా సర్టిఫికెట్ ఇవ్వొద్దు, పొలం పాసుబుక్కులో మ్యుటేషను (పేరు మార్పు) చేయొద్దు. టెన్త్ మెమోలో నాన్నగారి పేరుంటుంది, దాని నకలు జత చెయ్యి. ముద్ర వేయించుకున్న రసీదు తీసుకో. ఇది ఈ వారంలో జరగాలి, కన్నీళ్ళు తుడుచుకున్నాక కాదు. లాయరు ఫీజుకి డబ్బు లేకపోతే 15100కి ఫోను చెయ్యి, న్యాయసేవల సంస్థవాళ్ళు ఉచితంగా లాయర్ని ఇస్తారు.

మీ గురువమ్మ గురించి కూడా. ఆ చట్టం కుటుంబమంటే రక్తసంబంధం, పెళ్ళి, దత్తత అంతే అంది. ఇన్నేళ్ళు నీకు అన్నం పెట్టిన మనిషికి అందులో చోటు లేదు. ఆ చట్టంలో నాకు గిట్టని భాగం అదే. 2025 మేలో మద్రాసు హైకోర్టు, మనం ఎంచుకున్న మనుషులతోనూ కుటుంబం ఏర్పడుతుందని ఒప్పుకుంది. మన హైకోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు కానీ, చెప్పుకోవడానికి ఒక ఆధారమైతే దొరికింది. ఈలోగా బ్యాంకు ఖాతాలో నామినీగా ఆవిడ పేరు రాసుకో, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం. 23 ఏళ్ళు. నేను గే అని తెలిశాక ఇంట్లోవాళ్ళు మాట్లాడటం మానేశారు. గది అద్దెకి అడిగితే ప్రతి ఇంటివాళ్ళూ "ఒకసారి అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ" అంటున్నారు. ఎక్కణ్ణుంచి తేను? ప్రస్తుతం స్నేహితుల గదుల్లో వారానికొక చోట గడుపుతున్నాను.

– మోహన్ (పేరు మార్చాం)

జవాబు: ఇంటివాళ్ళకి మీ అమ్మానాన్నలతో పనేం లేదు బాబూ. అద్దె ఎగ్గొట్టి పారిపోతే ఎవర్ని పట్టుకోవాలని వాళ్ళ బాధ. ఆ బాధకే మందు వేయండి. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉద్యోగ ధ్రువీకరణ, మూడు నెలల జీతం స్లిప్పులు, ఆధార్ నకలు ఒక కవర్లో పెట్టుకుని వెళ్ళండి. మీ సూపర్‌వైజరో, పెళ్ళయిన తోటి ఉద్యోగో ఒకరు వెంట వచ్చి "మా కుర్రాడేనండీ, నాకు తెలుసు" అంటే భీమవరంలో సగం గుమ్మాలు తెరుచుకుంటాయి. అమ్మానాన్నలేరీ అంటే "ఊళ్ళో ఉంటారండీ, రాలేరు" అనండి. అంతకు మించి ఎవరికీ జవాబుదారీ కాదు.

అది కుదిరేదాకా మెన్స్ హాస్టల్లో మంచం తీసుకోండి. నెల అద్దె కొంచెం ఎక్కువైనా అక్కడ అడిగేది ఆధార్, అడ్వాన్సు, అంతే. స్నేహితుల గదుల్లో తిరుగుతుంటే మీ సామానొక చోట, కాగితాలొక చోట అయిపోతాయి. సర్టిఫికెట్లు మాత్రం ఆఫీసు లాకర్లో పెట్టుకోండి. గది దొరికాక అగ్రిమెంటు రాయించుకోండి, అడ్వాన్సు ఫోను ద్వారానే కట్టండి. నగదు ఇవ్వాల్సి వస్తే సంతకంతో రసీదు తీసుకోండి, ఖాళీ చేసేటప్పుడు ఇంటాయనలకి జ్ఞాపకశక్తి తగ్గిపోతూ ఉంటుంది.